నారదుడి మేఘం

కోటిలింగం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆయన నాటక సమాజంలో చేరిన ప్రతివాళ్లకూ ఇది మొదట్లోనే అనుభవమవుతుంది. స్టేజీ అంటే భయం పోవడానికి ఏం చేయాలని ఒకతను అడిగితే, తెర లాగే కప్పీకి కొబ్బరినూనె పెట్టి రమ్మన్నారు. పద్యం ఎత్తుకోగానే గొంతు ఎందుకు వణుకుతోందని ఇంకొకాయన అడిగితే, ఆ పూట వంటకు కందిపప్పు ఏరమన్నారు. పని చేస్తూ చేస్తూ జవాబు దొరికించుకున్నవాళ్లు ఆయనను గురువు అన్నారు. దొరకనివాళ్లు, పనివాళ్లు చాలక ముసలాయన వేసిన ఎత్తు ఇది అన్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉందని ఆయన శిష్యురాలు హైమవతికి తెలుసు.

హైమవతి ఆ సమాజంలో నారదుడు. ఆడవాళ్లు మగవేషాలు వేయడం అక్కడ మొదటినుంచీ ఉన్నదే. ఆమె లంగా ఓణీల వయసులో వచ్చి చేరింది. ఇప్పుడు వేషం వేసుకునే ముందు చెవుల పక్క నెరిసిన వెంట్రుకలకు కాటుక రాసుకుంటోంది. మాస్టారి మోకాళ్లు పనిచేయడం మానేశాక, ఆయన తెర పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పద్యాల్లో తప్పులు వినడం వరకే మిగిలారు. పేరుకు సమాజం ఆయనది, మోత మాత్రం హైమవతిది. ఏ ఊళ్లో ఆట ఉందో మాట్లాడుకోవడం, వ్యాను కుదర్చడం, కిరీటాలకు ఊడిన తళుకులు అంటించడం, అలిగిన దుర్యోధనుణ్ణి బతిమాలడం, ఆఖరికి మాస్టారి మోకాళ్లకు నూనె రాయడం కూడా ఆమె చేతి మీదుగానే జరగాలి. ఇంకొకళ్లు చేస్తామన్నా ఆమె చేయనివ్వదు.

నిద్రపోతే తీరే అలసటైతే ఆమె లెక్కచేసేది కాదు. ఈ మధ్య నిద్ర లేచేసరికే అలసిపోయి ఉంటోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, నోరు పద్యం పాడుతుంది, జనం చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు పక్కింటి పెళ్లిలో మోగే బాజాల్లాగా వినపడతాయి. ఎవరికో ఏదో జరుగుతోందని మాత్రం తెలుస్తుంది.

ఇదిలా ఉండగా ఒంగోలులో ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్ కావాలని తెలిసినవాళ్ల ద్వారా కబురొచ్చింది. ఒక గది, వేళకు భోజనం, ఏడాది పొడుగునా ఒకటే ఊరు. హాస్టల్ సెక్రటరీ మంచివాడు, తొందరపెట్టలేదు. చివరికి ఈ సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేస్తాను, వస్తారో రారో చెప్పండి, లేకపోతే వేరేవాళ్లను చూసుకుంటాను అన్నాడు. హైమవతి వెళ్లిపోతే సమాజం మూతపడుతుంది. ఇది అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనడం లేదు.

ఆ మధ్యాహ్నం వాళ్లు చీరాలలో ఉన్నారు. సాయంత్రం ఆరింటికి ఊరి కళాభవనంలో ఆట. భోజనాలయ్యాయి, అంటే హైమవతి తప్ప మిగతావాళ్ల భోజనాలయ్యాయి. ఆమె విస్తరిలో అన్నం ఆరిపోయి గట్టిపడింది. ఆమె లేచి మాస్టారి కుర్చీ దగ్గరకు వచ్చి నేల మీద కూర్చుంది. ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అప్పుడు అడిగింది.

“మాస్టారూ, మీరు ఇన్నేళ్లు ఎట్టా చేశారు ఇదంతా? నాకు ఎంత నిద్రపోయినా ఒంటికి పట్టటంలా. జనం మెచ్చుకుంటున్నారు, అదీ పట్టటంలా. మీరు నేర్పినట్టే చేస్తన్నా, పూజలో లోటు చెయ్యలా, పనిలో లోటు చెయ్యలా. లోపల మాత్రం ఏం లేదు. ఖాళీ. ఒంగోలాయనకి వస్తానని చెప్పెయ్యనా?”

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఏం పని చెబుతారా అని ఆమె ఎదురుచూసింది. నిజానికి ఆ క్షణంలో ఆయన ఏ పని చెప్పినా చెయ్యనని అనాలనే అనుకుంది.

అంతలో లైట్లూ పొగా చూసుకునే డేవిడ్ రాజు చంకలో మేఘం పెట్టుకుని వచ్చాడు.

మేఘం అంటే ఏమిటో చెప్పాలి. పట్నాల్లో కుర్రకారు రెండు పాదాలూ ఆనించి నిలబడి, ఒళ్లు కాస్త ముందుకు వంచితే దొర్లుకుంటూ పోయే రెండు చక్రాల హోవర్‌బోర్డు అది. పౌరాణిక నాటకానికి జనం పలచబడుతున్న రోజుల్లో డేవిడ్ రాజే దాన్ని ఎక్కడో చూసి వచ్చి, హైమక్కను దీని మీద నిలబెడితే ఎట్టా ఉంటుందని అడిగాడు. మాస్టారు తిట్టిపోస్తారనుకున్నారంతా. ఆయన బోర్డును అటూ ఇటూ తిప్పి చూసి, “దీని మీద నిలబడి రాగం పోకుండా పద్యం చదవగలవా?” అని మాత్రం హైమవతిని అడిగారు. ఆమె పడింది, లేచింది, మళ్లీ పడింది, చివరికి చదవగలిగింది. బోర్డు చుట్టూ దూది అంటించి, పైన నేలను తాకే కాషాయ వస్త్రం కట్టి, కింద పొగ వదిలితే, వీణ భుజాన వేసుకున్న నారదుడు అడుగు కదపకుండా స్టేజీ ఈ చివరి నుంచి ఆ చివరికి తేలుతూ పోతాడు. సెల్‌ఫోన్లలో తల దూర్చిన జనం కూడా తలెత్తి చూస్తారు. అప్పటినుంచీ పిలిచే ఊళ్లు పెరిగాయి. ఈ ఊళ్లో కట్టిన బ్యానర్ మీద కూడా నాటకం పేరు కన్నా ‘మేఘం మీద తేలివచ్చే నారదుడు’ అన్నదే పెద్ద అక్షరాల్లో ఉంది.

“హైమక్కా, మేఘం చార్జింగ్ ఎక్కట్లేదు,” అన్నాడు డేవిడ్ రాజు. “పొద్దున్నుంచీ పెట్టే ఉంచా. చార్జర్ మీద పచ్చలైటు వెలుగుతానే ఉంది. నిండిందనుకుని తీసి నిలబడితే రెండు సార్లు కుయ్యిమని చచ్చిపోయింది.”

హైమవతికి ఏడవాలనిపించింది. కోపం కూడా రాలేదు, కోపానికీ కొంత ఓపిక ఉండాలి. ఆమె మాస్టారి వైపు చూసింది. మాస్టారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, “ముందు దాని సంగతి చూడు,” అన్నారు.

చూడక ఏం చేస్తుంది. మేఘం లేకపోతే బ్యానర్ కట్టినవాళ్లు ఊరుకోరు, మళ్లీ ఈ ఊరు పిలవదు. కొత్తది కొనాలన్నా సాయంత్రంలోగా ఎక్కడ దొరుకుతుంది? ఆమె బోర్డును చాప మీద పెట్టించి మొదలుపెట్టింది. మొదట ప్లగ్గు మార్చింది. గోడకున్న ప్లగ్గులో పెట్టింది, వంటల దగ్గర గ్రైండర్ తీసేసి అక్కడ పెట్టింది. పచ్చలైటే. అదే ప్లగ్గులో డేవిడ్ రాజు ఫోన్ పెడితే ఫోన్ చక్కగా చార్జింగ్ ఎక్కింది, కాబట్టి కరెంటు తప్పు లేదు. చార్జర్ తీగ మడతల దగ్గర తెగిందేమోనని జానెడు జానెడు తడిమి చూసింది. తెగలేదు. శ్రీకృష్ణుడి వేషం వేసే ఆయన వచ్చి బోర్డును రెండు చేతులా ఎత్తి కుదిపి చూశాడు. ఎండలో పెడితే బ్యాటరీ వేడెక్కి దారికొస్తుందని కూడా సలహా ఇచ్చాడు. ఆ బ్యాటరీకి ఎండ పనికిరాదని హైమవతి ఒప్పుకోలేదు. డేవిడ్ రాజు స్క్రూడ్రైవర్ తెచ్చి అడుగు విప్పుతానన్నాడు. అదీ వద్దంది. అందులో బ్యాటరీ పేలితే ఈ పూట నారదుడే కాదు, లైట్లవాడు కూడా ఉండడని చెప్పింది.

ఆ గందరగోళంలో కళాభవనం గేటు దగ్గర పూలమ్మే సామ్రాజ్యమ్మ లోపలికి వచ్చింది. వేషాలకు కావలసిన దండలు ఆమెకే చెప్పారు. అరవై దాటిన మనిషి. తడిగుడ్డ కప్పిన తట్ట కింద పెట్టి, దండలు తీసి ఇచ్చి, పోకుండా అక్కడే నిలబడింది.

“అమ్మా, నారదుడు మీరే గదా,” అంది కాస్త జంకుతూ. “పోయినేడు మీ ఆటకి మా ఆయన్ని తీసుకొచ్చానమ్మా. మీరట్టా వస్తా ఉంటే చూసి మా ఆయన...”

హైమవతి చార్జర్ మీంచి చూపు తిప్పకుండానే రెండు చేతులూ జోడించింది. “అంతా మా మాస్టారి దయమ్మా. నాదేం లేదు. ఆయన అక్కడ కూర్చున్నారు, దణ్ణం పెట్టుకోండి.”

ఈ మాట ఆమె ఎప్పుడూ అనేదే. ఏ ఊళ్లో ఎవరు వచ్చి ఏం చెప్పబోయినా ఇదే జవాబు. మాటవరసకు అనేదనుకుంటే పొరపాటు. ఆమె నిజంగా నమ్మి అంటుంది, అన్నప్పుడు గొంతులో తడి కూడా ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు శిష్యుడంటే ఇట్లా ఉండాలని సమాజంలో ఆమెనే చూపిస్తారు. చిక్కల్లా ఒక్కటే, ఆ మాట విన్నాక అవతలి మనిషికి ఇంక మాట్లాడటానికి ఏమీ మిగలదు. సామ్రాజ్యమ్మ కూడా చెప్పబోయింది మింగేసుకుని, వెళ్లి మాస్టారికి దణ్ణం పెట్టి, తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆమె గేటు దాటేదాకా మాస్టారు అటే చూశారు.

తరవాత ఆయన కర్ర ఊతంతో లేచి కుర్చీని చాప దగ్గరకు జరిపించుకున్నారు.

“ఆ పచ్చలైటు ఏం చెబుతోంది?” అని అడిగారు.

“నిండితే పచ్చ, ఎక్కుతా ఉంటే ఎరుపు,” అన్నాడు డేవిడ్ రాజు.

“దాన్ని బోర్డు నుంచి ఊడబెరుకు. ఇప్పుడు?”

డేవిడ్ రాజు ఊడబెరికాడు. చార్జర్ ఒక్కటే ప్లగ్గుకు వేలాడుతోంది. లైటు పచ్చగానే ఉంది. అతను దాని వైపు కాసేపు చూసి తల గోక్కున్నాడు. బోర్డుకు పెట్టినా పచ్చే, పెట్టకపోయినా పచ్చే. అంటే పొద్దున్నుంచీ ఆ చార్జర్‌కు తాను ఒక బోర్డుకు తగిలించి ఉన్నాననే తెలియదన్నమాట.

“ఇచ్చేది ఇస్తానే కూర్చుంది పాపం,” అన్నారు మాస్టారు. “మరి ఈ బోర్డు తినేది ఎక్కణ్ణుంచి?”

హైమవతి బోర్డును పక్కకు ఒరగబెట్టింది. చక్రానికి కాస్త ఎగువన, దూది తొలగించిన చోట, వేలి కొన పట్టేంత గుండ్రటి గుంట ఉంది. చార్జర్ మూతి అందులోకే పోతుంది. దాని అడుగున మూడు సన్నటి ఇత్తడి పుల్లలు నిలబడి ఉండాలి. సెల్‌ఫోన్ లైటు వేసి చూసింది. పుల్లలు కనపడలేదు. గుంట నిండా పసుప్పచ్చగా ఏదో ఎండి గట్టిపడి ఉంది, దాని నడిమధ్య ఎర్రటి చుక్క ఉంది. చార్జర్ మూతి ఇంతసేపూ దాని పైపైనే ఆని ఉంది. చూడగానే అదేమిటో ఆమెకు తెలిసింది.

అది గంధం, కుంకుమ.

ఆట ఉన్న ప్రతి పూటా తెర లేవకముందు హైమవతి సామాను పూజ చేస్తుంది. హార్మోనియానికి, మద్దెలకు, గదలకు, రంగుల పెట్టెకు, తెర తాళ్లకు, ఒక్కదాన్నీ వదలకుండా గంధం పూసి కుంకుమ బొట్టు పెడుతుంది. మాస్టారి గురువుగారి కాలం నుంచీ వస్తున్న ఆనవాయితీ అది. మేఘం వచ్చిన కొత్తలో దానికి బొట్టు ఎక్కడ పెట్టాలన్నది ఆమెకు పెద్ద సమస్య అయింది. పైన పెడితే కాళ్లతో తొక్కాలి, అది పాపం. చక్రాలకు పెడితే మట్టిలో కలుస్తుంది. అడుగున పెడదామంటే దేవుడికి పెట్టే బొట్టును నేలకు చూపించినట్టు ఉంటుంది. వెతగ్గా వెతగ్గా పక్కన చిన్న రబ్బరు మూత ఒకటి కనపడింది. ఎవరి కాలూ తగలదు, నేలా తగలదు. ఎంచి ఎంచి అక్కడ పెట్టింది, అప్పటినుంచీ అక్కడే పెడుతోంది. పోయిన మకాములో ఆ మూత ఎక్కడో ఊడి పడిపోయింది. తెర వెనక మసక వెలుతురులో ఆమె అది గమనించలేదు. అలవాటు చొప్పున వేలితో తడిమి, చిన్న గుంట తగిలితే, గంధం దాన్నిండా పెట్టి కుంకుమ అద్దింది. ఇంతకుముందు బొట్టు జారిపోయేది, ఈసారి బాగా నిలిచిందని ఆ పూట సంతోషపడింది కూడా. అంతకుముందు ఎక్కిన చార్జింగ్‌తో ఆ ఆట గడిచిపోయింది. ఆ తరవాత దానిలోకి ఏమీ పోలేదు.

“నేనే,” అంది హైమవతి. “నేనే పెట్టా.”

డేవిడ్ రాజుకు నవ్వొచ్చింది గాని, ఆమె ముఖం చూసి ఆపుకున్నాడు. శ్రీకృష్ణుడు ఏదో పని ఉన్నట్టు అవతలికి వెళ్లిపోయాడు. ఇంతసేపూ తిట్టుకున్న చార్జర్ తప్పు లేదు, బ్యాటరీ తప్పు లేదు, తన చెయ్యే తప్పు, అదీ కళ్లకద్దుకుని పెట్టిన చెయ్యి. ఆమెకు సిగ్గేసింది. దాని వెనకాలే, ఇంత భక్తిగా చేసింది కూడా ఇట్లా తిరగబడితే ఇంక దేన్ని పట్టుకుని బతకాలన్న నీరసం వచ్చింది.

“కడుగు,” అన్నారు మాస్టారు.

నీళ్లతో కడగకూడదు. హైమవతి బోర్డు స్విచ్చి ఆపేసి, చార్జర్ గోడ నుంచి తీయించి, పంటిపుల్ల ఒకటి తీసుకుని గంధాన్ని కొంచెం కొంచెంగా గీకింది. ఎండిన గంధం పొడి పొడిగా రాలింది. పుల్లలు వంగుతాయేమోనని ఊపిరి బిగపట్టి గీకుతుంటే మెడ పట్టేసింది. ఆ తరవాత కనుబొమలు దిద్దుకునే సన్న బ్రష్షు తీసుకుని, పెట్టుడు మీసాల జిగురు తుడిచే స్పిరిట్‌లో ముంచి, ఒక్కో పుల్ల చుట్టూ తిప్పింది. స్పిరిట్ ఎర్రబడింది. మళ్లీ ముంచింది. పెట్టేటప్పుడు ఒక్క క్షణం పట్టిన బొట్టు తీసేటప్పుడు ఎంతకీ వదలదు. మాస్టారు తన పద్యాల కాగితాలు మడిచి, కుర్చీలోంచి వంగి ఆ గుంటకేసి విసురుతూ కూర్చున్నారు, ఆరాలని. ఆయన చేయి నొప్పి పుడుతుందని ఆమె కాగితాలు అందుకోబోతే ఇవ్వలేదు.

అంతా ఆరాక డేవిడ్ రాజు చార్జర్ పెట్టాడు. లైటు ఎర్రగా మారింది.

“ఎక్కుతంది,” అన్నాడు. మూడున్నర దాటింది. ఆరింటికల్లా నిండకపోయినా నారదుడి రాకపోకలకు సరిపోతుంది.

హైమవతి చేతులు తుడుచుకుని మళ్లీ మాస్టారి దగ్గర నేల మీద కూర్చుంది. జవాబు దొరికిందనే అనుకుంది, ఆ జవాబు ఆమెకు చేదుగా ఉంది.

“అయితే నేను చేసిన పూజలే నన్ను ఇట్టా చేశాయంటారా? భక్తి ఎక్కువైందంటారా? మీరే గదా నేర్పింది.”

“పూజనేమన్నా అన్నానా నేను?” అన్నారు మాస్టారు. “గంధం మంచిదే.”

ఇంకేమైనా అంటారేమోనని ఆమె చూసింది. ఆయన గేటు వైపు చూస్తున్నారు.

“పూలావిడ నీతో ఏదో చెప్పబోయింది,” అన్నారు. “సగంలో పంపించేశావు. వెళ్లి మిగతాది విని రా.”

“ఇప్పుడా? కిరీటాలు సర్దాలి. ఒంగోలాయన ఫోన్ చేస్తాడు.”

“విని రా,” అన్నారు ఆయన మళ్లీ. “విను, అంతే. ఏం అనకు.”

హైమవతి లేచింది. విసుగ్గానే లేచింది. ఈయనకు ఏం అడిగినా ఏదో ఒక పనే అని లోలోపల గొణుక్కుంటూ, ఎండ ఇంకా తగ్గని ఆవరణ దాటి గేటు దగ్గరకు వెళ్లింది. సామ్రాజ్యమ్మ తట్ట ముందు గోనెపట్టా మీద కూర్చుని మల్లెమొగ్గలు కడుతోంది. హైమవతిని చూసి లేవబోయింది. వద్దని హైమవతే ఆమె పక్కన గోనెపట్టా మీద కూర్చుంది.

“ఇందాక ఏదో చెప్పబోయారు. మీ ఆయన్ని తీసుకొచ్చానని.”

“ఏం లేదులేమ్మా. పనిలో ఉన్నారు గదా, నేనే తెలివితక్కువదాన్ని.”

“చెప్పండి. అందుకే వచ్చా.”

సామ్రాజ్యమ్మ చేతులు ఆగలేదు, మొగ్గ మీద మొగ్గ ముడిపడుతూనే ఉంది. చూపు దారం మీదే పెట్టి చెప్పింది.

“మా ఆయనకి పక్షవాతమమ్మా. నడుం కింద చచ్చుబడింది. మాట పడిపోలా, ఆయనే మాట్లాడటం మానుకున్నాడు. ఆయన మానుకున్నాడని నేనూ మానుకున్నా. తిను, ఇటు తిరుగు, మందేసుకో. ఇంతే మా ఇద్దరి మధ్య మాటలు. పోయినేడు ఇక్కడ పూలకి కూర్చోవాలి గదా, ఇంట్లో ఒక్కణ్ణీ వదల్లేక చక్రాల కుర్చీలో తీసుకొచ్చి లోపల ఓ మూల పెట్టా. మీరొచ్చారు. పొగలో. అట్టా పోతా ఉన్నారు. ఆయన నా చెయ్యి గిల్లాడు. ‘ఏమే, ఆ నారదుడి కాళ్లు చూడు, కదలటంలా. అయినా పోతన్నాడు’ అన్నాడు. అని నవ్వాడమ్మా.”

హైమవతి నడుముకు దోపుకున్న ఫోన్ మోగింది. నాలుగైంది. సామ్రాజ్యమ్మ చెప్పడం ఆపి, ఎత్తమన్నట్టు చూసింది.

“మోగనివ్వండి. మీరు చెప్పండి.”

“ఏముందమ్మా. మర్నాడు లేచినకాణ్ణుంచీ కుర్చీ తొయ్యమని గోల. మెల్లగా గాదు, గట్టిగా, వసారా ఈ కొస నుంచి ఆ కొసకి. చేతుల్లో రెండు గరిటెలు పట్టుకుని చిడతల్లాగా కొడతా, నారాయణ నారాయణ అంటా పోయేవాడు. నేను వెనకమాల తోస్తా ఉరకటం. మా ఇద్దరికీ పిచ్చెక్కిందనుకున్నారు పక్కింటోళ్లు. ఆషాఢంలో పోయాడులే. పోయేరోజు నవ్వుతా పోయాడని చెప్పను, బాగా కష్టపడ్డాడు.” ఆమె దారం పంటితో కొరికింది. “అంతకుముందు ఆయనకి చాకిరీ చేశా గానీ కాపరం చెయ్యలా. ఆ మిగిలిన నాలుగు రోజులూ కాపరం చేశాను. అది మీకు చెప్పాలని ఏడాది నుంచీ అనుకుంటన్నా.”

హైమవతి నోట్లోకి ఆ పాతమాట వచ్చేసింది. ‘అంతా మా’ దాకా పెదవుల మీదికి వచ్చింది. చేతులు వాటంతట అవే జోడించుకోబోయాయి. వాటిని ఏం చేయాలో తెలియక తట్ట అంచు పట్టుకుంది. మాట ఆపేసరికి, ఆపిన చోట ఏమీ అడ్డు లేకపోయింది, ఆ ముసలామె చెప్పింది నేరుగా లోపలికి దిగింది. ఆ వసారా, ఆ గరిటెలు, ఆ ఉరుకులు అన్నీ కళ్లకు కట్టాయి. ఆ పూట స్టేజీ మీద తాను ఏం చేస్తోందో ఆమెకు గుర్తుంది. పిక్కలు లాగుతుంటే, ఇంకెంతసేపా అనుకుంటూ పద్యం లాగించేసింది. అదే పద్యం ఒక మనిషిని నవ్వించింది. ఏడుపొచ్చింది. పమిటతో ముఖం కప్పుకోవాలని కూడా తోచలేదు, నడివీధిలో కూర్చుని ఏడ్చింది. చాలా రోజుల తరవాత ఒంట్లో ఏదో కదిలినట్టయింది, అది నొప్పిగానూ ఉంది, హాయిగానూ ఉంది.

సామ్రాజ్యమ్మ కంగారు పడలేదు. కట్టిన మూర తెంపి ఆమె జడలో తురిమింది. ఎప్పటిలా అయితే ఎవరు పూలిచ్చినా ఆమె వాటిని మాస్టారి గురువుగారి పటానికి పెట్టేసేది. ఈసారి హైమవతి తల వంచి పెట్టించుకుంది.

తిరిగి వస్తూ ఆవరణలో ఆగి ఆమె ఒంగోలుకు తానే ఫోన్ చేసింది. ఇప్పుడు రాలేనండీ, వేరేవాళ్లను చూసుకోండి అని చెప్పింది. సెక్రటరీ కారణం అడిగితే సరైన మాట దొరక్క, ఇంకా కొన్నాళ్లు ఇక్కడే ఉండాలనిపిస్తోందని అంది. అలసట పోయిందా అంటే పోలేదు. మెడ ఇంకా పట్టేసే ఉంది, ఆకలి కూడా వేస్తోంది, పొద్దున్నుంచీ తినలేదని అప్పుడు తెలిసింది. డేవిడ్ రాజు ఎదురొస్తే, రేపటినుంచి వ్యానూ సామానూ సంగతి నువ్వు చూసుకో అంది.

“ఎప్పణ్ణుంచో నేను అడుగుతున్నదే గదక్కా,” అన్నాడు అతను. అతను అడిగినట్టు ఆమెకు నిజంగానే గుర్తులేదు.

లోపల మాస్టారు కుర్చీలో కునికిపాట్లు పడుతున్నారు. ఆమె అడుగుల చప్పుడుకు కళ్లు తెరిచారు. హైమవతి ఎప్పటిలాగే వచ్చి ఆయన పాదాల దగ్గర కూర్చుంది. తనకు దొరికింది ఏదైనా ముందు తెచ్చి అక్కడ పెట్టడం ఆమెకు చిన్నప్పటినుంచీ అలవాటు.

“ఒంగోలాయనకి రానని చెప్పేశాను మాస్టారూ.”

ఆయన తల ఊపారు.

“ఆ పూలావిడ లేదూ, ఏం చెప్పిందంటే...”

మాస్టారు చెయ్యి ఎత్తి ఆపారు.

“నాకు చెప్పకు,” అన్నారు. “నీకిచ్చింది. కాసేపు నీ దగ్గర ఉండనీ.”